బిరుదు వేరు, పురస్కారం వేరు

ఈ మధ్య మాకు ఒక పెళ్ళి కార్డు అందింది. ఒకవైపు తెలుగు, మరోవైపు ఉర్దూ. పెళ్ళికొడుకు తరఫు పెద్దల పేర్లలో ముత్తాతగారి పేరు ముందు 'ఖాన్ బహాదూర్' అని ఉంది. కింద ఆహ్వానించే బంధువుల వరుసలో మరో పెద్దాయన పేరు ముందు 'పద్మశ్రీ' అని అచ్చయింది. కార్డు తెచ్చిచ్చిన మిత్రుడు ఆ రెండు మాటల మీదా వేలుపెట్టి చూపిస్తూ, "మా ఖాన్‌దాన్‌కు ఆనాడూ గౌరవం ఉంది, ఈనాడూ ఉంది భాయ్" అని మురిసిపోయాడు.

ఆయన సంతోషాన్ని మేము తప్పు పట్టలేదు. ఇంట్లో ఒకరికి దేశం గౌరవం ఇస్తే ఎవరికి ఆనందంగా ఉండదు? అయితే ఆ కార్డు మీద పక్కపక్కనే నిలబడిన ఆ రెండు మాటలూ ఒక జాతివి కావు. మొదటిది బిరుదు. అది పేరులో కలిసిపోవడానికే పుట్టింది. రెండవది పురస్కారం. దాన్ని పేరుకు ముందు గాని, వెనుక గాని తగిలించడానికి మన దేశ నిబంధనలు ఒప్పుకోవు. ఈ తేడా తెలియక చాలామంది పెద్దలు, వారి మీద ప్రేమకొద్దీ వారి పిల్లలు పొరపాటు చేస్తున్నారు.

ఏటా జనవరి 25 సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా వెలువడుతుంది. మరునాడు పత్రిక చేతికి రాగానే మన ఇళ్ళలో వినిపించే మొదటి ప్రశ్న, "ఈసారి మనవాళ్ళు ఎందరు?" అని. అడగదగిన ప్రశ్నే. కాని అక్కడితో ఆగిపోతే ఆ పేర్ల వెనుక ఉన్న పని మనకు తెలియకుండా పోతుంది. అందుకే ఈ వారం ఈ గౌరవాల మాటలేమిటో, వాటి అర్థమేమిటో, వాటి వెనుక ఉన్న కథేమిటో ముచ్చటించుకుందాం.

ఖిల్లత్, ఖితాబ్, సనద్

పూర్వం రాజు ఎవరినైనా గౌరవించాలనుకుంటే మన ప్రాంతంలో గండపెండేరం తొడిగేవారు, కనకాభిషేకం చేసేవారు. సుల్తానుల, మొగలుల దర్బారుల్లో ఖిల్లత్ కప్పేవారు. ఖిల్లత్ అంటే గౌరవ వస్త్రం. దానితోపాటు ఖితాబ్ ఇచ్చేవారు. అరబ్బీలో ఖితాబ్ అంటే సంబోధన. అంటే ఇకనుంచి ఈ మనిషిని ఎలా పిలవాలో దర్బారు నిర్ణయించేదన్నమాట. దానికి రుజువుగా రాసి ఇచ్చే పత్రమే సనద్.

ఈ పద్ధతి హైదరాబాదు సంస్థానంలో చాలాకాలం నిలిచింది. అక్కడ బిరుదులకు ఒక నిచ్చెన ఉండేది. ఖాన్, ఖాన్ బహాదూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమరా, జాహ్ అని ఒక్కొక్క మెట్టూ ఎక్కాలి. హిందూ ఉద్యోగులకు, జాగీర్దారులకు రాయ్, రాజా, రాజా బహాదూర్ వంటి మెట్లు వేరుగా ఉండేవి. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ 'ఇమాదుల్ ముల్క్' అయ్యారు. అంటే రాజ్యానికి మూలస్తంభం. సయ్యద్ మెహదీ అలీ 'మొహ్సినుల్ ముల్క్' అయ్యారు. అంటే రాజ్యానికి మేలు చేసినవాడు. ఫలక్‌నుమా కట్టించిన పాయెగా నవాబును నేటికీ 'వికారుల్ ఉమరా' అనే పిలుస్తాం. ఆ బిరుదే పేరయిపోయింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అడిగితే చెప్పగలిగేవారు కొద్దిమందే.

జంగ్ అంటే యుద్ధం. కాని హైదరాబాదులో ఎన్నడూ కత్తి పట్టని ఎందరో 'జంగ్'లు అయ్యారు. నిజాంసాగర్ ప్రాజెక్టుతో పేరు నిలుపుకున్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఏ యుద్ధరంగంలోనూ పోరాడలేదు. ఆయన పోరాటమంతా కరువుతోనే. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ బిరుదు చెప్పే అర్థానికీ, ఆయన చేసిన పనికీ పొంతన లేదు. పాత బిరుదుల తీరే అంత. అవి చేసిన పని కన్నా దర్బారులో నిలబడిన చోటును ఎక్కువగా చెప్పేవి.

తెల్లదొరల కాలం

1857 తిరుగుబాటు అణగిన తర్వాత బ్రిటిషువారు ఇక్కడి రాజులను, నవాబులను మచ్చిక చేసుకోవడానికి 1861లో 'స్టార్ ఆఫ్ ఇండియా' అనే పతకాన్ని నెలకొల్పారు. ఇంగ్లండులోని పాత పతకాల మీద క్రైస్తవ చిహ్నాలు ఉండేవి. ఇక్కడ అన్ని మతాలవారూ ధరించాలి కనుక నక్షత్రాన్ని ఎంచుకున్నారు. దైవకాంతి మాకు దారి చూపుగాక అన్న భావం వచ్చే మాటను దాని మీద చెక్కించారు. ఏ మాట వాడితే ఎవరు నొచ్చుకుంటారో లెక్క వేసుకునే ఈ పని చేశారని తెలుస్తూనే ఉంది.

మతాన్ని బట్టి బిరుదు మారడమూ అప్పుడే స్థిరపడింది. ముస్లిములకు ఖాన్ సాహెబ్, ఖాన్ బహాదూర్. హిందువులకు ఉత్తరాదిన రాయ్ బహాదూర్, దక్షిణాదిన రావు బహాదూర్. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు రావు బహాదూర్ అయ్యారు. పండితుల కోసం 1887లో విక్టోరియా రాణి జూబిలీ సందర్భంగా సంస్కృత విద్వాంసులకు 'మహామహోపాధ్యాయ', అరబ్బీ ఫారసీ విద్వాంసులకు 'షమ్సుల్ ఉలమా' అనే బిరుదులు పెట్టారు. షమ్సుల్ ఉలమా అంటే విద్వాంసులలో సూర్యుడు.

ఈ బిరుదుతో ముడిపడిన ఒక ముచ్చట ఉంది. అల్లామా ఇక్బాల్‌కు 'సర్' బిరుదు ఇవ్వజూపినప్పుడు ముందుగా తన గురువు సయ్యద్ మీర్ హసన్‌ను గౌరవించాలని ఆయన పట్టుబట్టారట. మీ గురువు రాసిన గ్రంథమేమిటని అధికారులు అడిగితే, ఆయన రాసిన గ్రంథాన్ని నేనే అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చారని చెప్పుకుంటారు. 1923 కొత్త సంవత్సరం బిరుదుల జాబితాలో శిష్యుడు 'సర్' అయ్యారు, గురువు 'షమ్సుల్ ఉలమా' అయ్యారు.

తీసుకున్నవారిలాగే వదులుకున్నవారూ ఉన్నారు. జలియన్‌వాలా బాగ్ దారుణం తర్వాత 1919లో రవీంద్రనాథ్ టాగూర్ 'సర్' బిరుదును వద్దన్నారు. 1920లో గాంధీజీ కైసర్-ఎ-హింద్ పతకాన్ని తిప్పి పంపారు. సహాయ నిరాకరణ కార్యక్రమంలో ప్రభుత్వ బిరుదులను వదులుకోవడం ముఖ్యమైన అంశం. ఢిల్లీ హకీం అజ్మల్ ఖాన్‌కు ప్రభుత్వం ఇచ్చిన బిరుదు 'హాజిఖుల్ ముల్క్', అంటే దేశంలో నేర్పరి అయిన వైద్యుడు. దాన్ని ఆయన వదులుకున్నారు. అప్పుడు జనం ఆయనను 'మసీహుల్ ముల్క్', అంటే దేశానికి ప్రాణం పోసేవాడు అని పిలుచుకున్నారు. సర్కారు ఇచ్చిన మాట పోయింది. ప్రజలు ఇచ్చిన మాట నిలిచింది.

ఆలోచిస్తే మన చరిత్రలో అన్నిటికన్నా గొప్ప బిరుదులు దర్బారుల్లో పుట్టినవి కావు. మక్కా ప్రజలు దైవప్రవక్త (స)ను ప్రవక్త కాకమునుపే 'అల్ అమీన్' అన్నారు. అమానతును కాపాడేవాడని వారికి అనుభవంలో తెలుసు కనుక అలా పిలిచారు. దానికి పతకం లేదు, పట్టా లేదు.

పద్దెనిమిదవ అధికరణం

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 18వ అధికరణంలో బిరుదులకు స్వస్తి చెప్పింది. సైనిక హోదాలు, విద్యాసంబంధమైన పట్టాలు తప్ప ప్రభుత్వం ఏ బిరుదూ ఇవ్వకూడదు. పౌరులు విదేశాల నుంచి బిరుదులు పుచ్చుకోకూడదు. కనుక మేజర్ అనవచ్చు, డాక్టర్ అనవచ్చు. కొత్తగా ఎవరినీ ఖాన్ బహాదూర్‌నో, రావు బహాదూర్‌నో చేయకూడదు.

ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన తేలికగానే అర్థమవుతుంది. పౌరులందరూ సమానులని రాజ్యాంగం చెప్తున్నది. బిరుదు ఉన్నవాడిని ఒకలా, లేనివాడిని మరొకలా పిలవమని ప్రభుత్వమే ఆదేశిస్తే ఆ సమానత్వం ఎక్కడ నిలుస్తుంది? పైగా ఒకే పనికి మతాన్ని బట్టి వేరువేరు బిరుదులిచ్చే పద్ధతి కొత్త దేశానికి తగదు.

మరి దేశం కోసం పాటుపడినవారికి కృతజ్ఞత చెప్పడమెలా? ఆ ప్రశ్నకు జవాబుగా 1954 జనవరిలో భారతరత్న, పద్మ విభూషణ్ పురస్కారాలు వచ్చాయి. జాతి, వృత్తి, హోదా, స్త్రీ పురుష భేదాలు చూడకుండా ఇవ్వాలన్నది నిబంధన. భారతరత్న మొదటి ముగ్గురు రాజాజీ, రాధాకృష్ణన్, సి.వి. రామన్.

అప్పట్లో పద్మ విభూషణ్‌లోనే మూడు తరగతులు ఉండేవి. వాటి పేర్లు 'పహలా వర్గ్', 'దూస్రా వర్గ్', 'తీస్రా వర్గ్'. ఒక కళాకారుడినో, శాస్త్రవేత్తనో గౌరవిస్తూ 'మీరు మూడో తరగతి' అంటే రైలు డబ్బా గుర్తుకు రాక మానదు. ఏడాది తిరిగేసరికి, 1955 జనవరిలో, ఆ అంకెలను తీసివేసి పద్మ విభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని పేర్లు పెట్టారు. శౌర్య పురస్కారాలలోనూ ఇలాగే జరిగింది. అశోక చక్ర ఒకటి, రెండు, మూడు తరగతులుగా 1952లో మొదలైంది. 1967లో అవి అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అయ్యాయి. మెట్లు అలాగే ఉన్నాయి. పిలుపు మాత్రం గౌరవంగా మారింది.

ఇప్పుడు నిబంధనల్లోని మాటలు చూడండి. 'విశిష్ట సేవ'కు పద్మశ్రీ. 'ఉన్నత శ్రేణికి చెందిన విశిష్ట సేవ'కు పద్మభూషణ్. 'అసాధారణమైన, విశిష్టమైన సేవ'కు పద్మ విభూషణ్. మూడింటిలోనూ మారనిది 'విశిష్ట సేవ' అన్న మాటే. వంశం లేదు, దర్బారు లేదు.

ఇంకొక సంగతి మన పాఠకులకు నచ్చుతుంది. పురస్కారం పొందినవారికి రాష్ట్రపతి సంతకంతో ఇచ్చే పత్రాన్ని కేంద్ర హోంశాఖ నేటికీ 'సనద్' అనే అంటున్నది. మదరసాలో చదువు ముగించిన విద్యార్థికి ఇచ్చేదీ సనదే. హదీసు చెప్పినవారి పరంపరనూ సనద్ అనే అంటాం. ఆ మాటకు ఆధారం, రుజువు అని అర్థం. ఖిల్లత్ పోయింది, ఖితాబ్ పోయింది, సనద్ మాత్రం మిగిలింది. అంటే పిలుపు పోయి, సాక్ష్యం మిగిలింది.

సుప్రీంకోర్టు ఏమన్నది?

అయితే 'పద్మశ్రీ కూడా కొత్త వేషం వేసుకున్న బిరుదే కదా' అన్నవారు లేకపోలేదు. ఆచార్య కృపలానీ 1969లో వీటిని రద్దు చేయాలని లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. 1977లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఈ పురస్కారాలను నిలిపివేసింది. 1980లో ఇందిరాగాంధీ మళ్ళీ వచ్చాక తిరిగి మొదలయ్యాయి. విచిత్రం ఏమంటే, వాటిని ఆపిన మొరార్జీయే 1991లో భారతరత్న స్వీకరించారు.

ఆ తర్వాత వ్యవహారం కోర్టుకు ఎక్కింది. 1993 నుంచి 1997 దాకా పద్మ పురస్కారాలు ఇవ్వలేదు. 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎ.ఎం. అహ్మదీ ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించారు. తీర్పు సారాంశం ఇది: ఇవి 18వ అధికరణం నిషేధించిన బిరుదులు కావు. సమానత్వం అంటే ప్రతిభను గుర్తించకూడదని అర్థం కాదు. అయితే పురస్కార గ్రహీత దీన్ని పేరుకు ముందు గాని వెనుక గాని వాడకూడదు. వాడితే పురస్కారాన్ని వెనక్కు తీసుకోవచ్చు.

అంటే పురస్కారాన్ని బిరుదు కాకుండా కాపాడుతున్నది ఆ ఒక్క గీతే. ఆ గీత దాటి పేరుకు తగిలించుకున్న క్షణం అది మళ్ళీ ఖాన్ బహాదూరే. తెలుగు సినిమాల్లో ఇద్దరు నటుల పేర్ల ముందు 'పద్మశ్రీ' వేయడం 2013లో హైకోర్టు దాకా వెళ్ళింది. లెటర్‌హెడ్లు, ఆహ్వాన పత్రికలు, పోస్టర్లు, పుస్తకాలు, వీటిలో వేటి మీదా అలా వేయరాదని హోంశాఖ స్పష్టంగా చెప్తున్నది. మనిషిని పరిచయం చేస్తూ 'రాష్ట్రపతి చేతుల మీదుగా పద్మశ్రీ పురస్కారం పొందినవారు' అని వివరంగా చెప్పుకోవచ్చు. అందులో తప్పు లేదు. పెళ్ళి కార్డులు వేయించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ రెండు కాలాలకూ వారధిగా హైదరాబాదులోనే ఒక మనిషి కనిపిస్తారు. నవాబ్ అలీ యావర్ జంగ్ ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలరుగా, పలు దేశాల్లో రాయబారిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. నిజాం కాలపు 'యావర్ జంగ్' ఆయన పేరులో కలిసిపోయింది. 1959లో పద్మభూషణ్, మరణానంతరం 1977లో పద్మ విభూషణ్ ఆయనకు దక్కాయి. అవి పేరులో చేరలేదు. వినికిడి లోపం ఉన్నవారి కోసం ముంబైలో ఉన్న జాతీయ సంస్థకు ఆయన పేరు పెట్టారు. పాత బిరుదు, కొత్త పురస్కారం రెండూ ఉన్న ఆయనను, మాట వినలేని పిల్లవాడికి మాట నేర్పే ఆ సంస్థే అన్నిటికన్నా ఎక్కువగా గుర్తు చేస్తున్నది.

నిషాన్, హిలాల్, సితారా, తమ్ఘా

పొరుగు దేశం పాకిస్తాన్ 1957లో తన పురస్కారాలకు ఉర్దూ, ఫారసీ మాటలు ఎంచుకుంది. పై నుంచి కిందికి నిషాన్, హిలాల్, సితారా, తమ్ఘా. నిషాన్ అంటే గుర్తు, హిలాల్ అంటే నెలవంక, సితారా అంటే నక్షత్రం. తమ్ఘా తుర్కీ మాట. గుర్రాల మీద, పశువుల మీద వేసే యజమాని ముద్రకు మధ్య ఆసియా సంచార జాతులు వాడిన మాట ఇది. ముద్ర కాస్తా కాలక్రమంలో పతకమైంది.

పెషావరులో పుట్టిన మన దిలీప్ కుమార్‌కు 1998లో ఆ దేశం 'నిషాన్-ఎ-ఇమ్తియాజ్' ఇచ్చింది. మరుసటి ఏడు కార్గిల్ యుద్ధం రాగానే దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలంటూ గొడవ లేచింది. ఆయన ఇవ్వలేదు. మన దేశం ఆయనకు 1991లో పద్మభూషణ్, 2015లో పద్మ విభూషణ్ ఇచ్చింది. ఇటునుంచి అటు వెళ్ళిన భారతరత్నకూ ఒక ఉదాహరణ ఉంది. సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు 1987లో భారతరత్న ఇచ్చారు. భారత పౌరుడు కాని వ్యక్తికి ఆ పురస్కారం దక్కడం అదే మొదలు.

వీరుల చక్రాలు

పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర. ఈ మూడు పేర్లలో వీరుడు అన్న మాటకు పెరిగే విశేషణాలే తేడా. 1950 జనవరి 26న ఇవి ఏర్పడ్డాయి. 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన పోరాటాలకు వర్తింపజేశారు. పరమవీర చక్ర పతకానికి రూపం ఇచ్చినది సావిత్రి ఖనోల్కర్. యూరప్‌లో పుట్టి, భారత సైనికాధికారిని పెళ్ళాడి, ఈ దేశాన్ని తనది చేసుకున్న మహిళ. ఇంద్రుని వజ్రాయుధాన్ని నాలుగు వైపులా ఉంచి ఆమె దాన్ని తీర్చిదిద్దారు. ఆ ఆయుధం కోసం దధీచి మహర్షి తన ఎముకలనే ఇచ్చాడని పురాణ కథ.

ఆ పతకం 1965లో ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ అనే పల్లెకు వెళ్ళింది. 4 గ్రెనేడియర్స్ దళానికి చెందిన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ ఖేమ్‌కరణ్ ప్రాంతంలో, జీపు మీద బిగించిన తుపాకీతో ఒకదాని వెంట ఒకటిగా శత్రు టాంకులను ఛేదించి, సెప్టెంబరు 10న ప్రాణాలు వదిలాడు. అతనికన్నా ముందు 1948 జూలై 3న ఝంగర్ వద్ద బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ అమరుడయ్యారు. ప్రభుత్వం ఆయనకు మహావీర చక్ర ఇచ్చింది. జనం 'నౌషేరా సింహం' అన్నారు. ఆయన సమాధి ఢిల్లీలో జామియా మిల్లియా దగ్గర ఉంది. వీరి దేశభక్తికి వేరే సాక్ష్యాలు వెతకనక్కరలేదు.

పండ్ల బుట్ట నుంచి రాష్ట్రపతి భవన్ దాకా

ఇటీవలి సంవత్సరాల జాబితాలు చూస్తే సామాన్యుల పేర్లు ఎక్కువగా కనబడుతున్నాయి. మంగళూరు బస్టాండులో నారింజపండ్లు అమ్ముకునే హరేకళ హాజబ్బను ఒకనాడు విదేశీయులు ఇంగ్లీషులో ధర అడిగారు. ఆయన చెప్పలేకపోయారు. చదువు లేకపోవడం ఎంత సిగ్గుచేటో ఆ క్షణాన తెలిసింది. తన ఊరి పిల్లలకు ఆ సిగ్గు మిగలకూడదని పండ్లమ్మిన డబ్బు కూడబెట్టి, దాతల గుమ్మాలెక్కి బడి కట్టించారు. 2020 జాబితాలో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కరోనా వల్ల ఆలస్యమై, 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో చెప్పులు లేని కాళ్ళతో నడిచి వెళ్ళి అందుకున్నారు. కన్నడ జనం ఆయనను అంతకుముందే 'అక్షర సంత' అన్నారు, అక్షరాల సాధువు అని.

అదే 2020 జాబితాలో అయోధ్యలో సైకిళ్ళు బాగుచేసే మొహమ్మద్ షరీఫ్ ఉన్నారు. కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో, దిక్కులేని శవాలకు వారి వారి మతాచారం ప్రకారం అంత్యక్రియలు చేయడం మొదలుపెట్టి, వేలమందిని సాగనంపారు. భోపాల్ గ్యాస్ బాధితుల కోసం జీవితమంతా పోరాడిన అబ్దుల్ జబ్బార్‌కు పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన లేరు. రెండు నెలల ముందే, 2019 నవంబరులో కన్నుమూశారు. మన పి.వి. నరసింహారావుగారికి కూడా భారతరత్న దక్కింది 2024లో, మరణించిన ఇరవై ఏళ్ళకు. గౌరవం ఒక్కోసారి ఇలా ఆలస్యంగా నడుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ పురస్కారాలతో డబ్బు రాదు. పతకం, సనద్ అంతే. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య 2024లో కూలిపనికి వెళ్తున్నాడని పత్రికలు రాశాయి. చప్పట్లు కొట్టినవారు మరునాడు ఆ ఇంటివైపు చూడకపోతే ఆ గౌరవం ఎవరి కడుపు నింపుతుంది?

వద్దన్నవారి మాట

పురస్కారాన్ని కాదన్నవారిని అగౌరవపరులుగా చూడడం సరికాదు. మౌలానా ఆజాద్ జీవించి ఉండగా భారతరత్న వద్దన్నారని, ఎంపిక చేసే ప్రభుత్వంలో తానే ఉండి తీసుకోవడం తగదని భావించారని చెప్పుకుంటారు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు 1992లో అది ప్రకటించారు. సితార్ విద్వాంసుడు విలాయత్ ఖాన్ పద్మశ్రీ, పద్మభూషణ్, పద్మ విభూషణ్ మూడింటినీ తిరస్కరించారు. తన కళను తూచగలిగే అర్హత ఎవరిది అన్నది ఆయన పట్టు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఇచ్చిన 'ఆఫ్తాబ్-ఎ-సితార్' మాత్రం పుచ్చుకున్నారు.

షెహనాయి విద్వాంసుడు బిస్మిల్లా ఖాన్ నాలుగూ స్వీకరించారు. 1961లో పద్మశ్రీ, 1968లో పద్మభూషణ్, 1980లో పద్మ విభూషణ్, 2001లో భారతరత్న. అయినా ఆయనను ఎవరూ ఆ నాలుగింటిలో ఏ ఒక్కదానితోనూ పిలవరు. ఉస్తాద్ అంటారు. ఆ మాటను ఏ ప్రభుత్వమూ గెజిట్‌లో ప్రకటించలేదు.

పొన్నెకల్లు నుంచి వచ్చిన పాఠం

మన తెలుగునేల ముస్లిములకూ ఈ వరుసలో చోటు ఉంది. హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్ 1954లో పద్మ విభూషణ్, 1963లో భారతరత్న పొందారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానాకు 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులు కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులు 2020లో అదే గౌరవం పొందారు. గురువుకు వచ్చినది శిష్యులకు కూడా రావడం కంటే ఆ గురువుకు ఇంకేం కావాలి?

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ కథ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బుర్రకథను ఊరూరా తిప్పి, 'పల్నాటి యుద్ధం', 'బెంగాల్ కరువు' వంటి కథలతో వేలమందిని కన్నీళ్ళు పెట్టించి, కదిలించి, 'బుర్రకథ పితామహుడు' అని జనం చేత పిలిపించుకున్నారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరేమిటో తెలుసా? 'పింజారి'.

పింజారి అంటే దూది ఏకేవాడు. అది ఒక వృత్తి పేరు. ఆ మాటను మన తెలుగులో తిట్టుగా వాడడం అందరికీ తెలుసు. రాష్ట్రపతి గౌరవించిన కళాకారుడు తన జీవిత కథకు 'పద్మశ్రీ' అని పేరు పెట్టుకోలేదు. ఎవరో చిన్నచూపుతో విసిరిన మాటనే తీసుకుని, దుమ్ము దులిపి, తలెత్తి పుస్తకం అట్ట మీద పెట్టుకున్నారు. మనిషికి గౌరవం పైనుంచి వచ్చి పడే మాటలో లేదని, తాను చేసిన పని వల్లనే మాట విలువ మారుతుందని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మనం చేయవలసినది

పద్మ పురస్కారాలకు ఎవరైనా ఎవరి పేరైనా ప్రతిపాదించవచ్చు. తన పేరు తానే పంపుకోవడానికీ నిబంధన అడ్డురాదు. ఏటా హోంశాఖ ప్రకటన ఇస్తుంది. ప్రతిపాదన కంప్యూటరు ద్వారా, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లోనే పంపాలి. 800 మాటలకు మించకుండా ఆ వ్యక్తి చేసిన పనిని వివరించాలి. గడువు ప్రకటనలోనే ఉంటుంది. మొత్తం మీద ఏడాదికి 120కి మించి ఇవ్వరు. మరణానంతరం ఇచ్చేవి, విదేశాల్లో ఉన్నవారికి ఇచ్చేవి ఈ లెక్కలోకి రావు.

మన మహల్లాలో నలభై ఏళ్ళుగా ఫీజు తీసుకోకుండా పిల్లలకు లెక్కలు చెప్తున్న మాస్టారు ఉండవచ్చు. రాత్రి పన్నెండు గంటలకు తలుపు తట్టినా కాన్పుకు వచ్చే నర్సమ్మ ఉండవచ్చు. ఎవరికీ తెలియని పాత కళను చేతుల్లో దాచుకున్న ముసలి పనివాడు ఉండవచ్చు. వారి గురించి 800 మాటలు రాయడానికి ఒక శుక్రవారం మధ్యాహ్నం చాలదా? ఇంట్లో చదువుకున్న అబ్బాయి, అమ్మాయి కలిసి కూర్చుని ఆ పెద్దల దగ్గరకు వెళ్ళి, వారు చేసిన పని అడిగి, సంవత్సరాలతో సహా రాస్తే, పురస్కారం వచ్చినా రాకపోయినా ఒక మంచి మనిషి చరిత్ర భద్రమవుతుంది. రాసిన పిల్లలకూ కొంత తెలుస్తుంది.

పెళ్ళి కార్డు ఇచ్చిన మిత్రుడికి ఈ సంగతులన్నీ చెప్పాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మా పెద్దాయనకు పద్మశ్రీ దేనికిచ్చారో మా పిల్లలకు తెలియదు భాయ్. పేరు ముందు ఉందని మాత్రం తెలుసు" అన్నాడు. తర్వాత అచ్చు వేయించిన కార్డుల్లో ఆ మాట తీయించాడని విన్నాము. వలీమా నాడు ఆ పెద్దాయనను పిల్లల మధ్య కూర్చోబెట్టి, తాను చేసిన పని ఏమిటో చెప్పమని అడిగారట. ఆయన చాలాసేపు చెప్పారట.